ఏ ఆశా లేకుండా వెళ్ళిన ఫారిన్ ట్రిప్పు బ్రహ్మాండంగా తేలడం మీకెవరికైనా జరిగిందా?

సూట్‌కేస్_సుబ్బారావు
ముందే చెప్తున్నా, ఇది సగం ప్రశ్న, సగం ఏడుపు. రెండేళ్ళుగా స్విట్జర్లాండ్ స్విట్జర్లాండ్ అని కలవరిస్తున్నా. ఏ కొండకి ఏ రైలు, ఆ రైల్లో కుడిపక్క కూర్చోవాలా ఎడమపక్కా, ఏ స్టేషన్‌లో ఎన్ని నిమిషాల్లో మారాలి, అంతా ఎక్సెల్‌లో ఎక్కించి పెట్టా. తీరా చూస్తే వీసా అపాయింట్‌మెంట్ మా లీవ్ అయిపోయాక గానీ దొరకట్లేదు. లీవ్ జరుపుదామంటే మళ్ళీ వచ్చే ఏడే. నేను తల పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ ఒక్క సాయంత్రంలో ఉజ్బెకిస్తాన్ బుక్ చేసి పారేసింది. తాష్కెంట్, సమర్‌ఖండ్, బుఖారా, ఎనిమిది రోజులు. అదే ఎందుకూ అంటే "ఈ-వీసా ఇచ్చారు కాబట్టి" అంది. ఇంక దానికి నేనేం చెప్పను.

మాతో అమ్మ కూడా వస్తోంది, 68 ఏళ్ళు, మోకాళ్ళు అంతంతమాత్రం. తొమ్మిదేళ్ళ పాపకి మంచు ఆశపెట్టి మాట మార్చాను కాబట్టి అది నాతో మాట్లాడట్లేదు. సముద్రం లేదు, మంచూ లేదు, ఫొటోలన్నిట్లో అవే నీలం గుమ్మటాలు, మొదటిరోజుకే అయిపోతాయేమో అని భయం. మొక్కుబడిగా వెళ్ళిన ట్రిప్పు నిజంగా బాగుండటం ఎవరికైనా జరిగిందా? ఫేస్‌బుక్‌లో పెట్టుకునే రకం వద్దు, నిజం చెప్పండి.

తిరుగుబోతు
సముద్రం లేకపోవడం అంటే మామూలుగా లేకపోవడం కాదు గురూ. ఉజ్బెకిస్తాన్ చుట్టూ ఉన్న దేశాలకి కూడా సముద్రం లేదు. ప్రపంచం మొత్తం మీద అలాంటివి రెండే. రెండోది లీక్టెన్‌స్టైన్, మీ స్విట్జర్లాండ్ గోడ పక్కనే. కాబట్టి మీరు పెద్దగా దారి తప్పలేదు.

బద్ధకం_బాబు
కజకిస్తాన్‌కి కాస్పియన్ సముద్రం ఉందిగా?

తిరుగుబోతు
పేరుకే సముద్రం, లెక్కకి సరస్సు. నా పేరు చూసి నన్ను అంచనా వేయకండి, అలాగే దాన్నీ.

మేఘమాల
నాది జపాన్. అందరిలాగే చెర్రీ పూల టైమ్‌కి ప్లాన్ చేశాం, ఆఫీసులో ఏదో కొంప మునిగి ట్రిప్పు జూన్‌కి జరిగింది. జూన్ అంటే అక్కడ వానల సీజన్, త్సుయు అంటారు. టికెట్ మార్చేటప్పుడు ఆ ఏజెంటు కూడా "మేడమ్ మీరు తెలిసే వెళ్తున్నారా" అని అడిగాడు. మొదటి రెండు రోజులు టోక్యోలో తడిసి ముద్దయి మా ఆయన మీద నేనూ నా మీద ఆయనా విసుక్కుంటూ తిరిగాం. మూడోరోజు వేరే దారిలేక కామకురా వెళ్ళాం. అక్కడ మెయిగెత్సు-ఇన్ అని ఓ గుడి. మెట్ల దారికి రెండు పక్కలా నడుము ఎత్తున హైడ్రేంజియాలు, వేలకి వేలు, దాదాపు అన్నీ ఒకే నీలం. ఆ పువ్వు వానలకే పూస్తుందని, నేల పుల్లగా ఉంటే నీలం, లేకపోతే గులాబీ రంగు తిరుగుతుందని అప్పుడే తెలిసింది. జనం అందరి చేతుల్లో ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్ గొడుగులు, వాటి మీద చినుకులు, వాటిలోంచి నీలం. నేను ఫోన్ బయటికి తియ్యలేదు, తడుస్తుందని. ఇప్పుడు ఆ ఫొటో ఒక్కటీ లేదు నా దగ్గర, ఆ మెట్లు మాత్రం కళ్ళు మూసుకున్నా కనిపిస్తాయి. చెర్రీ పూలు తర్వాత ఇంకో ఏడాది వెళ్ళి చూశాం. బాగున్నాయి. అంతే, బాగున్నాయి.

అసలుసిసలు
ఇలాంటి చర్చల్లో ఎప్పుడూ ఇదే తంతు. ప్లాన్ పాడైంది, వాన పడింది, అయినా అద్భుతం. డబ్బు ఖర్చయ్యాక బాగాలేదని ఒప్పుకునే ధైర్యం ఎవరికీ ఉండదు కదా. నేను ఏమీ ఆశించకుండా ఒక బీచ్ రిసార్టుకి వెళ్ళా, ఏ దేశమో చెప్పను, ఏమీ ఆశించకుండా వెళ్ళినా దారుణంగానే ఉంది. నాలుగు రోజులు ఏసీలోంచి నీళ్ళు కారాయి, బకెట్ ఇచ్చారు. ఆశ తగ్గించుకుంటే ట్రిప్పు బాగుపడదు.

బద్ధకం_బాబు
బకెట్ ఇవ్వడం ఆశించలేదుగా మీరు? ఆశించినదానికన్నా ఎక్కువే ఇచ్చారు.

లెక్కలమాస్టారు
అసలుసిసలు గారి మాటలో పాయింట్ ఉంది. జ్ఞాపకం అనేది నమ్మకమైన సాక్షి కాదు. డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1993లో ఒక చిన్న ప్రయోగం చేసింది. 14 డిగ్రీల చన్నీళ్ళలో 60 సెకన్లు చెయ్యి పెట్టమన్నారు. ఇంకోసారి అదే 60 సెకన్లు, ఆపైన ఇంకో 30 సెకన్లు, కాకపోతే ఆ చివరి ముప్పై సెకన్లలో నీళ్ళు మెల్లగా 15 డిగ్రీలకి వేడెక్కిస్తారు. మళ్ళీ ఏది చేస్తారంటే ఎక్కువమంది ఆ పొడుగుదే చేస్తామన్నారు! మొత్తం బాధ ఎక్కువే, కానీ చివర కాస్త నయంగా ముగిసింది కదా. ట్రిప్పుల సంగతీ ఇంతే. ఎక్కువ తీవ్రంగా ఉన్న క్షణం ఒకటి, ముగింపు ఒకటి, ఈ రెండే మిగులుతాయి, మధ్యలో క్యూలూ తలనొప్పులూ ఎగిరిపోతాయి.

ఇంకోటి కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో 1,530 మంది మీద చేసిన స్టడీ 2010లో వచ్చింది. సెలవులకి వెళ్ళేవాళ్ళ సంతోషం వెళ్ళకముందే ఎక్కువ, తిరిగొచ్చాక వెళ్ళనివాళ్ళకీ వీళ్ళకీ పెద్ద తేడా లేదు. చాలా ప్రశాంతంగా గడిచింది అన్నవాళ్ళకి మాత్రం కొన్నాళ్ళు మిగిలింది.

సూట్‌కేస్_సుబ్బారావు
అంటే మాస్టారూ, వెళ్ళకముందే ఏడుస్తున్న నా గతి ఏంటి? ఆ ముందరి సంతోషం కూడా నాకు లేదే.

లెక్కలమాస్టారు
మీరు రెండేళ్ళు స్విట్జర్లాండ్ ఎక్సెల్‌తో ఆ సంతోషం అనుభవించేశారు. అది వేరే ఖాతా.

విండోసీట్
వాన గురించి మేఘమాల గారు అన్నది నూటికి నూరుపాళ్ళు. న్యూజిలాండ్‌లో మిల్‌ఫర్డ్ సౌండ్‌కి (కొండల మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రపాయ, బోటులో తిప్పుతారు) మేము కరెక్టుగా కుంభవృష్టి రోజున వెళ్ళాం. తే అనావ్ నుంచి దాదాపు 120 కిలోమీటర్ల రోడ్డు, వైపర్లు ఆపే పనే లేదు, వెనక సీట్లో మా మామగారు "ఈ వానలో బోటేంటి, వెనక్కి తిప్పు" అని గంటకి నాలుగుసార్లు. హోమర్ టన్నెల్ ముందు సిగ్నల్ దగ్గర ఆగితే కీయా అనే కొండ చిలక ఒకటి వచ్చి బానెట్ మీద వాలి, మా కళ్ళముందే అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పీకడం మొదలెట్టింది. దొంగతనం కాదు, తీరిగ్గా, పనివాడు పని చేసినట్టు. మామగారు అప్పుడు మొదటిసారి నవ్వారు.

అసలు సంగతి బోటెక్కాక. అక్కడ ఏడాది పొడుగునా ఉండే పెద్ద జలపాతాలు రెండే, బోవెన్, స్టర్లింగ్. కానీ వాన పడితే ఆ నిట్టనిలువు రాళ్ళ మీద మట్టి పెద్దగా లేదు కాబట్టి నీళ్ళు ఇంకవు, పడ్డది పడ్డట్టు కిందికి జారుతుంది. వందల జలపాతాలు. ఎటు చూసినా తెల్లటి దారాలు వేలాడుతున్నట్టు, కొన్నిటిని గాలి మధ్యలోనే ఎగరేసి పైకి తోసేస్తోంది, కింద దాకా రానే రావు. బోటు నడిపేవాడు మైకులో చెప్పాడు, నిన్న ఎండలో వచ్చినవాళ్ళు పాపం ఇదేమీ చూడలేదని. ఏడాదికి ఆరు మీటర్ల పైన వాన పడే చోటు అది, వాన అక్కడ మామూలే. మేమే తిరగేసి అనుకున్నాం.

గులకరాయి
కీయా అనగానే నవ్వొచ్చింది, మా పాత కారుకి అదే పేరు.

నాది చిన్నదే. కనెక్షన్ ఫ్లైట్ మిస్సయి లక్సెంబర్గ్‌లో ఒకటిన్నర రోజు పడ్డాం, బ్యాగులు ఇంకెక్కడికో పోయాయి. వీపు మీద ఒక్క బ్యాగుతో బయటికొచ్చి ట్రామ్ టికెట్ మెషిన్ కోసం వెతుకుతుంటే ఒక పెద్దావిడ టికెట్ అక్కర్లేదు ఎక్కండి అంది, మేము మోసమేమో అనుకున్నాం! 2020 నుంచి ఆ దేశం మొత్తంలో బస్సు, ట్రామ్, రైలు అన్నీ ఫ్రీ అట, ఫస్ట్ క్లాసు తప్ప. ఇంక చూస్కోండి, లెక్కలేకుండా ఎక్కడం దిగడం. పాత ఊరు కొండ మీద, కింద లోయలో ఇంకో ఊరు, మధ్యలో 71 మీటర్ల అద్దాల లిఫ్టు, అదీ ఫ్రీయే, మా వాడు ఆరుసార్లు ఎక్కాడు. కొండలోపల కోట సొరంగాలు, ఇప్పటికీ 17 కిలోమీటర్లు మిగిలున్నాయట. సూట్‌కేసులు ఉండి ఉంటే హోటల్ రూమ్‌లో కూర్చుని ఫ్లైట్ వాళ్ళని తిట్టుకుంటూ ఉండేవాళ్ళం.

బ్యాగులు పోయినవాళ్ళకి ఒక మాట: ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాకముందే కౌంటర్‌లో రిపోర్టు రాయించుకుని కాపీ తీసుకోండి. లేటుగా వస్తే బ్యాగు చేతికొచ్చిన 21 రోజుల్లోపు, పగిలి వస్తే ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా క్లెయిమ్ చెయ్యాలి, విమాన ప్రయాణాల మీద దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం రూలు అది. నేను ఫోన్లో తిట్టి ఊరుకున్నా, తిట్లు లెక్కలోకి రావట.

అసలుసిసలు
ఇదిగో ఇది ఒప్పుకుంటా. ఇందులో ఎవరూ నటించట్లేదు, లిఫ్టు లిఫ్టే.

నిద్రమొహం_87
నార్వేలో ట్రోమ్సో. ఫిబ్రవరి. ఐదు రాత్రులు. నార్తర్న్ లైట్స్ కోసం, అదే రాత్రిపూట ఆకాశంలో ఆడే రంగు వెలుగులు. రోజూ రాత్రి వ్యాన్‌లో వంద కిలోమీటర్లు తిప్పారు, మబ్బులు మా వెంటే వచ్చాయి. కాళ్ళకి స్పర్శ పోయింది, ఆకుపచ్చ రంగు చూసింది హోటల్ ఎగ్జిట్ బోర్డు మీద ఒక్కటే.

కట్ చేస్తే 2024 మే. దక్షిణ జర్మనీలో ఒక సరస్సు పక్కన చవక గెస్ట్‌హౌస్, ఏ ఉద్దేశమూ లేని ట్రిప్పు, టీషర్టు మీద ఉన్నా. పదో తారీఖు రాత్రి పక్క రూమ్ అతను తలుపు బాదాడు. నిప్పు అంటుకుందేమో అని పాస్‌పోర్టు పట్టుకుని చెప్పులు లేకుండా పరిగెత్తా. పార్కింగ్‌లో అందరూ తలలు పైకెత్తి ఉన్నారు. ఆకాశం గులాబీ, మధ్యలో ఆకుపచ్చ చారలు. 2003 తర్వాత అంత పెద్ద సౌర తుఫాను అదేనట, ఎక్కడెక్కడి దేశాల్లోనో కనిపించింది. వెతకబోయిన తీగ కాలికి తగలడం అంటారే, నాకు చెప్పుల్లేని కాలికి తగిలింది, కంకర కూడా గుచ్చుకుంది.

విండోసీట్
పాస్‌పోర్టు పట్టుకున్నావు చూడు, అక్కడ మెచ్చుకోవాలి.

నిద్రమొహం_87
ఫోన్ మర్చిపోయా. ఫొటో లేదు. ఇంట్లో ఎవరూ నమ్మరు.

మేఘమాల
నాకూ ఫొటో లేదు అన్నాగా. క్లబ్బు పెడదాం.

పొగమంచు_పాప
జులైలో ఒమన్ వెళ్తున్నా అంటే మా ఫ్రెండ్స్ అందరూ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు, జ్వరమేమో అని. ఆ నెలలో మస్కట్ పెనం మీద అట్టు మాడినట్టు మాడిపోతుంది, నిజమే, ఎయిర్‌పోర్టు తలుపు తెరుచుకోగానే మా కళ్ళద్దాలకి ఆవిరి పట్టేసింది. కానీ అక్కడినుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు దక్షిణాన సలాలా ఉంది చూశారూ, జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ ఖరీఫ్ అనే సీజన్. మనం పంటకి వాడే ఆ మాటే, అరబీలో శరదృతువు. అరేబియా సముద్రం మీంచి వచ్చే గాలికి కొండలన్నీ పొగమంచు, సన్న తుంపర, పచ్చిక. ఎడారి దేశం అని వెళ్ళి స్వెట్టర్ కొనుక్కున్నా. కొండ రోడ్డు మీద పొగమంచులో పది అడుగులు కూడా కనపడట్లేదు, డ్రైవర్ బ్రేకేసి ఆపేశాడు, ఎందుకూ అంటే ఎదురుగా తెల్లటి పొగలోంచి ఒక ఒంటె మొహం, మొహం ఒక్కటే, మెడ లేదు ఒళ్ళు లేదు. అది మమ్మల్ని కాసేపు చూసింది. వెనకాల ఇంకో పాతిక వచ్చాయి, అరగంట ఆగాం. సాంబ్రాణి చెట్లు మాత్రం ఆ పచ్చదనంలో ఉండవు, కొండ అవతల వాన అందని ఎండు నేలలో ఉంటాయి, చెక్కితే పాలు కారి గడ్డకడుతుంది, అదే సాంబ్రాణి.

కాలినడక
అందరూ సరదాగా రాస్తున్నారు, నేను కొంచెం వేరేది రాస్తా, తిట్టుకోకండి. మేము బోస్నియాలో సరాయెవో వెళ్ళింది వేరే ఊరికి బస్సు మారడానికి. ఒక్క రాత్రి అనుకున్నది నాలుగు రోజులు ఉన్నాం. నడుస్తుంటే ఫుట్‌పాత్ మీద పువ్వు ఆకారంలో గుంటలు, వాటిలో ఎర్రటి రెసిన్ పోసి ఉంది. సరాయెవో గులాబీలు అంటారట. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా ఆ ఊరు ముట్టడిలో ఉంది, 1,425 రోజులు, మోర్టార్ పడి మనుషులు పోయిన చోట్లు అవి. ఎయిర్‌పోర్టు కింద తవ్విన సొరంగం ఇంకా కొంచెం ఉంచారు, లోపల నేను వంగి నడవాల్సి వచ్చింది. మా గైడ్ అప్పట్లో చిన్నపిల్లాడు, అదే దారిలో తల్లి చెయ్యి పట్టుకుని వెళ్ళాడట, చెప్తూ చెప్తూ మధ్యలో జోకులేస్తాడు, మేము నవ్వాలో వద్దో తెలీక నిలబడ్డాం. అది గమనించి "నవ్వండి, మేమూ నవ్వేవాళ్ళం" అన్నాడు.

ఇది "ఊహించినదానికన్నా బాగుంది" అనొచ్చా? బాగుంది అనే మాట సరిపోదు. కానీ నేను వెళ్ళిన ట్రిప్పుల్లో ఇప్పటికీ ఎక్కువ గుర్తొచ్చేది ఇదే. తర్వాత మోస్తార్ వెళ్ళాం, 1566 నాటి వంతెన 1993లో కూల్చేశారు, 2004లో అదే తీరున మళ్ళీ కట్టారు, దాని మీంచి కుర్రాళ్ళు నదిలోకి దూకుతారు. అందరూ ఫొటోలు తీస్తున్నారు, నేనూ తీశా.

సూట్‌కేస్_సుబ్బారావు
కాలినడక గారు, తిట్టుకోవడం ఎందుకండీ. రెండుసార్లు చదివా.

తిరుగుబోతు
సరే నాది కూడా. 2010 ఏప్రిల్, ఐస్‌లాండ్‌లో ఆ పేరు పలకలేని అగ్నిపర్వతం, ఎయ్యాఫ్యత్లయోకుత్ల్ (నేర్చుకున్నా, వారం టైమ్ దొరికింది కదా). బూడిద దెబ్బకి యూరప్‌లో సుమారు లక్ష విమానాలు ఆగిపోయాయి. మేము ఎడిన్‌బరోలో ఇరుక్కున్నాం. చేతిలో ఉన్నది ఊడ్చేసి ఒక విద్యార్థుల హాస్టల్ గదిలో దిగాం. చేసేదేం లేక రోజూ పొద్దున్నే ఊరి మధ్యలో ఉన్న ఆర్థర్స్ సీట్ కొండ ఎక్కేవాళ్ళం, 251 మీటర్లే. నాలుగో రోజు అక్కడ ఒక ముసలాయన చెప్పాడు, ఈ కొండ కూడా ఒకప్పటి అగ్నిపర్వతమే అని. ఒక అగ్నిపర్వతం ఇంటికి పోనివ్వకపోతే ఇంకోదాని నెత్తినెక్కి కూర్చున్నామన్నమాట. పైనుంచి చూస్తే ఆకాశంలో ఒక్క విమానం గీత లేదు. అలాంటి ఆకాశం మళ్ళీ చూస్తానని అనుకోను.

అసలుసిసలు
సుబ్బారావు గారికి ఒక హెచ్చరిక మాత్రం ఇస్తా. సమర్‌ఖండ్‌లో సగం కొత్తగా కట్టినవే. బీబీ ఖానుమ్ మసీదు 1897 భూకంపంలో ఇంకా కూలిపోయింది, 1970ల్లో సోవియట్ వాళ్ళు మళ్ళీ లేపడం మొదలెట్టారు. పాతవి అనుకుని మురిసిపోకండి.

కాలినడక
మోస్తార్ వంతెన కూడా కొత్తదే అన్నాగా పైన. కొత్తది కట్టారంటేనే కదా అది వాళ్ళకి ఎంత కావాలో తెలిసేది.

బద్ధకం_బాబు
సుబ్బారావు గారు వెళ్ళి మూడు వారాలైంది. ఉన్నారా లేక గుమ్మటాల కింద తప్పిపోయారా?

సూట్‌కేస్_సుబ్బారావు
వచ్చాం. రాయడానికి టైమ్ దొరకలేదు, పాప ఫోన్ లాక్కుంటోంది, ఎందుకో చెప్తా.

మొదటి దెబ్బ తాష్కెంట్‌లోనే తగిలింది. సమర్‌ఖండ్‌కి అఫ్రోసియాబ్ అని హైస్పీడ్ రైలు, 344 కిలోమీటర్లు రెండు గంటల పైచిలుకులో పోతుంది. నేను ఎక్సెల్ లేని కోపంలో టికెట్లు ముందు తియ్యలేదు, వెళ్ళేసరికి అయిపోయాయి. మా ఆవిడ ఏమీ అనలేదు, చూసింది అంతే. పాత రైలే గతి అయింది, మూడున్నర గంటలు. ఎదురు సీట్లో ఒక ముసలావిడ, పళ్ళన్నీ బంగారం. మా అమ్మకి వాళ్ళ భాష రాదు, ఆవిడకి మా భాష రాదు. కాసేపటికి ఆవిడ సంచిలోంచి గుండ్రటి రొట్టె తీసింది, మధ్యలో సూదులతో గుచ్చినట్టు పువ్వు ముద్ర. చేత్తో తుంపి ముందు మా అమ్మకి పెట్టింది. మా అమ్మ మోకాలు చూపించింది. ఆవిడ తన మోకాలు చూపించింది. ఇంక అంతే, మూడు గంటలు మోకాళ్ళ గురించే మాట్లాడుకున్నారు, నేను ఒట్టేసి చెప్తున్నా ఇద్దరికీ అన్నీ అర్థమయ్యాయి. దిగేటప్పుడు అమ్మ మొహం చూస్తే సొంత అక్కని వదిలేసి వెళ్తున్నట్టుంది.

అమ్మ గురించే నేను ఎక్కువ భయపడ్డా. కానీ తాష్కెంట్ మెట్రోలో ఆవిడ పెట్టెలో కాలు పెట్టగానే నలుగురు లేచి నిలబడ్డారు. ప్రతిసారీ. ఎవరూ ఫోన్ చూస్తున్నట్టు నటించరు. రెండు రోజులకి అమ్మ రాణిగారిలా అలవాటు పడిపోయింది, "ఇంకో స్టేషన్ చూద్దాం రా" అంటుంది. స్టేషన్లు చూడటానికే తిరిగాం, 1977లో మొదలైన మెట్రో, 2018 దాకా లోపల ఫొటోలు తియ్యనిచ్చేవాళ్ళు కాదట. కాస్మోనాట్ల పేరుతో ఒక స్టేషన్ ఉంది, గోడల మీద నీలం రంగు ఛాయలు మారుతూ పోతుంది, గుండ్రటి బొమ్మల్లో గగారిన్, తెరిష్కోవా, వాళ్ళ సరసన తలపాగా పెట్టుకున్న ఒకాయన. ఈయనెవరు అని పాప అడిగింది. నాకు తెలీదు అన్నా.

ఆయన సమర్‌ఖండ్‌లో దొరికాడు. ఉలుగ్ బేగ్, తైమూర్ మనవడు. రాజు, కానీ నక్షత్రాలు లెక్కపెట్టాడు, 1,018 నక్షత్రాల పట్టిక, టెలిస్కోప్ పుట్టకముందు. ఆయన అబ్జర్వేటరీ కూలగొట్టేశారు, ఎక్కడుందో కూడా జనం మర్చిపోయారు, 1908లో తవ్వితే ఆకాశాన్ని కొలిచే పెద్ద పరికరంలో నేల కింద ఉన్న ముక్క బయటపడింది. కొండలోకి దిగిపోతున్న రాతి జారుడుబల్ల లాంటిది, పెద్ద వంపు. పాప ఆ రెయిలింగ్ పట్టుకుని అరగంట కదల్లేదు. "నాన్నా, పైన సగం ఆకాశంలో ఉండేదా?" అంది. నాతో మాట్లాడింది అన్నమాట, పదహారు రోజుల తర్వాత. అప్పటినుంచి రోజూ రాత్రి నా ఫోన్ తీసుకుని నక్షత్రాల యాప్.

మేఘమాల
మోకాళ్ళ సంభాషణ చదివి ఆఫీసులో గట్టిగా నవ్వేశా, పక్కవాళ్ళు చూస్తున్నారు.

అసలుసిసలు
గుమ్మటాల సంగతి చెప్పండి. విసుగొచ్చిందా లేదా?

సూట్‌కేస్_సుబ్బారావు
బుఖారా మూడోరోజుకి నాకు కొంచెం వచ్చింది, దాచను. ఎండ కూడా గట్టిగా ఉంది. పాపకి మాత్రం అక్కడ చెరువు గట్టున గాడిద మీద ముల్లా నస్రుద్దీన్ విగ్రహం దొరికింది, దాన్ని వదల్లేదు. ఇంక మీరన్న కొత్త కట్టుబడి నిజమే, సమర్‌ఖండ్ నడిబొడ్డున ఉన్న రిజిస్తాన్ చౌక్‌లో తిల్యా కోరీ మదర్సా బయటి గుమ్మటం కూడా సోవియట్ కాలందే. కానీ దాని లోపలికెళ్ళి తలెత్తి చూడండి ఒకసారి. బంగారం పూతతో గుమ్మటం లోతుగా పైకి లేచిపోతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి పైకప్పు బల్లపరుపు! ఆకులు తీగలు మధ్యకి వెళ్ళేకొద్దీ చిన్నవిగా గీసి కంటిని మోసం చేశారు. నేను నమ్మక గోడవారగా నడిచి వేరే మూలనుంచి చూశా, అప్పుడు దొరికింది దొంగ.

లెక్కలమాస్టారు
చివరి రోజు ఎలా గడిచింది? చన్నీళ్ళ ప్రయోగం కోసం అడుగుతున్నా.

సూట్‌కేస్_సుబ్బారావు
ఘోరం మాస్టారూ. ఫ్లైట్ ఐదు గంటలు లేటు, పాపకి వాంతులు, ఎయిర్‌పోర్టులో నాకూ మా ఆవిడకీ మాటా మాటా. మీ థియరీ ప్రకారం నాకు ఈ ట్రిప్పు గుర్తుండకూడదు.

లెక్కలమాస్టారు
ఇంకో ఆరు నెలలకి అడుగుతా.

విండోసీట్
రైలు టికెట్లు ఎన్నాళ్ళ ముందు తియ్యాలి? మామగారు ఆ మెట్రో సీట్ల గురించి విని ఇప్పుడే బయల్దేరుతా అంటున్నారు.

సూట్‌కేస్_సుబ్బారావు
అమ్మకం తెరవగానే తీసెయ్యండి, వారాంతమైతే ఇంకా త్వరగా. లేదా అస్సలు తియ్యకండి, పాత రైల్లో వెళ్ళండి. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళని వెంట తీసుకెళ్తే మంచిది.

పొగమంచు_పాప
సుబ్బారావు గారు, మాకు వచ్చే నెల ట్రిప్పుకి స్విట్జర్లాండ్ వీసా వచ్చింది (సారీ). మీ ఎక్సెల్ ఖాళీగా ఉంటే పంపుతారా?

సూట్‌కేస్_సుబ్బారావు
పంపా, చూస్కోండి. ఏ పక్క కూర్చోవాలి అనే కాలమ్ ఒక్కటి తీసేశా.

పొగమంచు_పాప
అయ్యో నాకు కావాల్సిందే ఆ కాలమ్!